మూడో కిటికీలో చెయ్యి

కిందటి వారం రాళ్ళ మేడమ్‌ను గెలిపించి వదిలిపెట్టాం. ఆ గెలుపు ఆవిడ చేతిలో ఎంతసేపు నిలిచిందంటే, ఇదిగో, ఈ మధ్యాహ్నం దాకా.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు. యూనివర్సిటీ వాళ్ళు తమ పాత భవనం ఒకదాన్ని అద్దాలూ ఏసీలూ పెట్టి సమావేశ మందిరంగా మారుస్తున్నారు. గుమ్మం పక్కన గోడ మీద దాని చరిత్ర రాయించాలనుకున్నారు. అందులోనే పాఠాలు చెప్పి రిటైరైన భూగర్భశాస్త్రం ప్రొఫెసరుగారిని రాసివ్వమన్నారు. పిల్లలు ఆవిడకు పెట్టిన పేరు రాళ్ళ మేడమ్. ఆ పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే కూరగాయలమ్మాయి కూడా అలాగే పిలుస్తుంది. ఆవిడ ఉన్నదంతా రాసింది. అంటురోగం రోజుల్లో ఆ భవనం వార్డుగా ఉండేదన్న సంగతీ రాసింది. రిజిస్ట్రారుగారు ఆ వాక్యం దగ్గర ఆగి, "అందులో జనం పోయారని గోడ మీద రాస్తే రేపు హాలు అద్దెకి ఎవరు తీసుకుంటారమ్మా" అన్నాడు. పోయినవాళ్ళలో ఆవిడ భర్త ఉన్నాడని ఆయనకు తెలుసు. తెలిసే అన్నాడు.

మేడమ్ మాట పడే రకం కాదు. నాలుగు వారాలుగా ఆ పోరే మనం చదువుతున్నాం. చివరికి రిజిస్ట్రారు దిగొచ్చాడు. వార్డు మాట గోడ మీద ఉంటుంది. అంతేకాదు, హాలుకున్న కిటికీలన్నిటికీ కొత్త అద్దాలు బిగించినా మూడో కిటికీని మాత్రం పాత చెక్క చట్రంతో, పాత దోమతెరతో అలాగే ఉంచుతారు. దాని కింద ఒక చిన్న రాగి రేకు మీద ఒకే వాక్యం: అంటురోగం రోజుల్లో ఇక్కడినుంచి మనుషులు మనుషులకు చెయ్యి ఊపారు. ఆ కిటికీ పక్కన మంచం మీదే ఆమె భర్త చివరి రోజులు గడిపాడు. తొమ్మిదేళ్ళుగా ఆమెను నిలబెట్టింది ఆ కిటికీయే.

ఇక అసలు భవనం సంగతి.

దాని పేరు ప్రెస్సు. అందులో అచ్చుయంత్రం ఆగిపోయి రెండు తరాలైనా పేరు మాత్రం మారలేదు. యూనివర్సిటీ పుట్టిన కొత్తలో ప్రశ్నపత్రాలు అచ్చువేసుకోవడానికి కట్టుకున్న ఇల్లది. ముందువైపు ఎత్తయిన అరుగు మీద పొడవాటి హాలు, దానికి వరసగా కిటికీలు, కిటికీల ముందు గడ్డి. హాలు వెనక ఒక పెద్ద గది. దానికి కిటికీ లేదు, గాలి రావడానికి కప్పు దగ్గర నాలుగు చిల్లులు మాత్రం ఉన్నాయి. అచ్చయిన ప్రశ్నపత్రాలు పరీక్ష దాకా అందులో ఉండేవి కాబట్టి గోడలు మూరెడు మందాన రాతితో లేపారు. తెలివైన పిల్లలు గోడ తొలిచి ప్రశ్నపత్రాలు పట్టుకుపోతారని అప్పటి పెద్దలు నిజంగానే భయపడ్డారు. ఆ గదిని అందరూ చీకటి కొట్టు అనేవాళ్ళు.

తర్వాత ప్రెస్సు వేరే చోటికి పోయింది. యూనివర్సిటీలో ఆడపిల్లలు చేరడం మొదలయ్యాక వాళ్ళకు ఉండే చోటు లేకపోతే ఈ హాల్లోనే మంచాలు వేశారు. పిల్లలు ఇంటికి ఉత్తరాలు రాసేటప్పుడు "మేము ప్రెస్సులో క్షేమం" అని రాస్తే కొందరు తండ్రులు కంగారుపడి పరుగెత్తుకొచ్చారట. అప్పుడు చీకటి కొట్టులో వాళ్ళ ట్రంకుపెట్టెలు పెట్టుకునేవాళ్ళు. ఇంటిమీద బెంగపడ్డ పిల్ల ఎవరికీ కనపడకుండా ఏడవాలంటే ట్రంకుపెట్టె తెరిచే వంకతో అందులోకి వెళ్ళేది. తలుపు దగ్గరికి వేసి ఉంటే లోపల ఎవరో ఉన్నారని తెలుసుకుని మిగతావాళ్ళు కాసేపు ఆగేవాళ్ళు. హాస్టలు కూడా కొత్త భవనంలోకి పోయాక రాళ్ళ శాఖ వచ్చింది. హాల్లో పాఠాలు, చీకటి కొట్టులో రాళ్ళు. కొట్టు చీకటిగా ఉండటం రాతి ముక్కల స్లయిడ్లు గోడ మీద వేసి చూసుకోవడానికి బాగా కుదిరింది. వయసులో ఉన్న ఇద్దరు లెక్చరర్లు ఆ స్లయిడ్లు చూడటానికి అవసరమైన దానికన్నా ఎక్కువసేపు తీసుకుంటున్నారని శాఖలో అందరికీ తెలిసింది. ఇద్దరూ పెళ్ళి చేసుకునేదాకా ఎవరూ కిమ్మనలేదు. ఆ ఇద్దరిలో ఒకరు మన మేడమ్, రెండోవాడు మూడో కిటికీ మనిషి.

ఇవన్నీ ఆవిడ గోడకోసం రాసిన చరిత్రలో ఉన్నాయి, పెళ్ళి సంగతి తప్ప.

ఈ మధ్యాహ్నం ఆవిడ పనివాళ్ళను చూసిపోదామని వచ్చింది. సైటు ఇంజనీరు పాతికేళ్ళ అమ్మాయి, నెత్తిన పసుపు టోపీ, మనిషి కన్నా చలాకీ నోరు. మేడమ్ అంటే ఆ అమ్మాయికి ఇష్టం. రాయిని నాకి చూసి ఏ రాయో చెప్పే మనిషిని అంతకుముందు చూడలేదు మరి.

"మేడమ్, మంచి టైముకి వచ్చారు. ఇది ఏంటో కాస్త చెప్పండి" అంటూ చీకటి కొట్టులోకి తీసుకుపోయింది.

వార్డు ఎత్తేశాక ఎవరో ఆ గది గోడలకు చుట్టూ చెక్క పలకలు బిగించి సామాన్ల గదిగా వాడుకున్నారు. ఆ పలకలు ఇవాళ ఊడదీశారు. వాటి వెనక ఒక సన్నని రాగి పైపు బయటపడింది. పెరటి గోడలోంచి లోపలికొచ్చి, మూడు గోడల వెంట నడుము ఎత్తున తిరిగింది. మధ్యమధ్య చిన్న కుళాయిల్లాంటివి ఉన్నాయి.

"ఆక్సిజన్ లైనమ్మా" అంది మేడమ్. "పెరట్లో సిలిండర్లు వరసగా పెట్టి ఇలా లాగారు. వార్డు రోజుల్లోది."

"అదే అనుకున్నాను. కానీ ఇది హాల్లోకి వెళ్ళలేదేంటి?" ఆ అమ్మాయి హాలు వైపు గోడ దగ్గరికి నడిచింది. పైపు ఆ గోడ దగ్గర ఆగిపోయి ఉంది. కొసకు మూత బిగించారు. దాని పక్కనే రాతిలో జానెడు లోతున ఒక గుంట ఉంది. "చూడండి, తొలుద్దామని చూసి వదిలేశారు. మాకే ఈ గోడతో చుక్కలు కనపడుతున్నాయి, పాపం వాళ్ళ దగ్గర ఏ మిషనుంది? అప్పటికప్పుడు పెట్టినట్టున్నారు. అంటే ఆక్సిజన్ కావాల్సినవాళ్ళందరినీ ఈ గదిలోనే పడుకోబెట్టి ఉంటారు. హాల్లో ఉన్నవాళ్ళకి ఇంత అవసరం పడి ఉండదు."

మేడమ్ ఆ గుంటలో వేలు పెట్టి చూసింది. అంచులు ఇంకా గరుగ్గానే ఉన్నాయి. ఈ గదిలో ఆవిడ ఎన్నేళ్ళు రాళ్ళు సర్దింది, ఈ గోడలు ఎంత మందమో ఆవిడకు తెలియక కాదు. కానీ వార్డు రోజుల్లో ఆవిడను లోపలికి రానివ్వలేదు, ఆ తర్వాత పలకలు వచ్చేశాయి.

"హాల్లో సిలిండర్లు పెట్టి ఉంటారు. మంచం పక్కన" అంది.

"ఉండొచ్చు మేడమ్. నాకు తెలీదు." ఆ అమ్మాయి ఆమె మొహం చూసి గొంతు తగ్గించింది. "కుర్చీ తెప్పించనా?"

"వద్దమ్మా. నా ఫోనెక్కడ పెట్టానో చూడు."

ఫోను ఆవిడ చేతిలోనే ఉంది. మరిదికి చేసింది. ఇంట్లో అందరికీ చిన్నోడు. యాభై దాటినా చిన్నోడే. బస్సులు ఆగే చోట మందుల షాపు నడుపుతాడు. వార్డు పెట్టినప్పుడు మందులు తెలిసినవాడని పిలిస్తే షాపుకు తాళం వేసి వచ్చి, చివరిదాకా వార్డులోనే పనిచేశాడు. అన్న గురించిన కబురు రోజూ వదినకు అందించింది అతనే.

"షాపు మూసి ప్రెస్సుకి రా" అంది.

"ఏమైంది వదినా?"

"చీకటి కొట్టు తెరిచారు."

అటునుంచి ఎందుకని ప్రశ్న రాలేదు. దాంతోనే ఆవిడకు సగం అర్థమైంది.

అతను వచ్చేలోపు మనం ఒక సంగతి చెప్పుకోవాలి. ఇన్ని వారాల్లో మేడమ్ ఎవరికీ చెప్పనిది, మనకు కూడా చెప్పకుండా దాటేస్తూ వచ్చింది.

అంటురోగం వచ్చిన ఏడాది భూగర్భశాస్త్రం శాఖకు పెద్ద ఆమె భర్తే. ఒక రోజు పొద్దున పైనుంచి మాట వచ్చింది: సాయంత్రానికల్లా ప్రెస్సు ఖాళీ చేసి వార్డుకు ఇవ్వాలని. ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకోక చేసేదేమీ లేదు కూడా. మంచాలు మోయడానికి తనూ భుజం వేశాడు. చీకటి కొట్టులోని రాళ్ళ అరలు పట్టుకొచ్చి పెరట్లో బోర్లించారు. అవి మేడమ్ ఉద్యోగంలో చేరిన నాటినుంచీ కొండలెక్కి, వాగులు దిగి, ఒక్కొక్కటీ భుజాన మోసుకొచ్చిన రాళ్ళు. ప్రతి రాయీ ఎక్కడ దొరికిందో ఒక చిన్న కాగితం ముక్క మీద రాసి దాని గూట్లో పెట్టుకుంది. అరలు బోర్లించేసరికి రాయి ఒకచోట, కాగితం ఒకచోట అయింది. ఆ రాత్రి వాన కురిసింది. ఎక్కడ దొరికిందో తెలియని రాయి ఆ విద్యలో వట్టి రాయి. గోడ కట్టుకోవడానికి పనికొస్తుంది.

మర్నాడు ఆవిడ ఆ కుప్ప చూసి ఇంటికొచ్చింది. మనుషులకు మంచాలు కావాలన్నాడు ఆయన. అది నిజమేనని ఆవిడకు తెలుసు. నిజం కాబట్టే ఇంకా మండింది. "నన్నొక్క మాట అడిగితే నేనే వచ్చి సర్దుకునేదాన్ని. మీకు అడగాలనిపించలేదు. ఇంక మీ మొహం నాకు చూపించకండి" అంది. ఆయన తల వంచుకుని ముందు గదిలోకి వెళ్ళిపోయాడు. మూడు రోజులు అక్కడే పడుకున్నాడు. నాలుగో రోజు జ్వరం వచ్చింది. తను ఖాళీ చేయించిన హాల్లోనే తనకు మంచం వేశారు.

సాయంత్రాలు రోగుల తాలూకు మనుషుల్ని గడ్డిదాకా రానిచ్చేవాళ్ళు. తాడు కట్టి ఉండేది, దాటకూడదు. కిటికీలకు దోమతెరలు, లోపల చీకటి, అందరి మొహాలకూ గుడ్డలు. ఎవరు ఎవరో పోల్చుకోవడానికి వీల్లేదు. అందుకని ఒక పద్ధతి వచ్చింది. ఎవరి మనిషి ఏ కిటికీ దగ్గరున్నాడో చెప్పేవాళ్ళు. కింద మనిషి ఆ కిటికీకి ఎదురుగా నిలబడితే, పైన మనిషి తెరకు చెయ్యి ఆనించి ఊపేవాడు. మేడమ్‌కు మూడో కిటికీ చెప్పారు. ఆవిడ రోజూ వచ్చింది. మూడో కిటికీకి ఎదురుగా నిలబడింది. చెయ్యి ఊగింది. ఆవిడ చేతులు కట్టుకుని నిలబడింది. వచ్చానుగా, అది చాలదా అనుకుంది. పక్కనున్న ఆడవాళ్ళు రెండు చేతులూ ఎత్తి ఊపుతుంటే, ఏడుస్తుంటే, ఆవిడ అలాగే నిలబడి, చీకటి పడ్డాక ఇంటికెళ్ళి వంట కూడా చేసుకోకుండా పడుకునేది.

ఒకరోజు చిన్నోడు ఫోను చేసి, అన్నయ్యకి ఆక్సిజన్ పెట్టారని చెప్పాడు. ఆ సాయంత్రం ఆవిడ పంతం కరిగిపోయింది. తాడు దగ్గరికి పోయి రెండు చేతులూ పైకెత్తింది. మూడో కిటికీలో చెయ్యి ఒక్క క్షణం ఆగి, తర్వాత ఊగింది. ఎప్పటికన్నా ఎక్కువసేపు ఊగింది. క్షమించానని ఆవిడ చెప్పింది, అందిందని ఆయన చెప్పాడు. ఆ తర్వాత కూడా కొన్ని సాయంత్రాలు అలాగే నడిచింది. ఆ చివరి సాయంత్రాలే ఆవిడ ఆస్తి. ఆయన పోయాక చుట్టపక్కాలు ఆమె గుండె నిబ్బరాన్ని చూసి ఆశ్చర్యపోయింది అందుకే. మేం మాట్లాడుకునే విడిపోయాం అని ఆవిడ మనసులో ధైర్యం.

ఇప్పుడు ఆవిడ ఆ రాగి పైపు ముందు నిలబడి ఉంది. ఆక్సిజన్ పెట్టిన రోజే తను చెయ్యెత్తింది. ఆక్సిజన్ ఈ గదిలోనే ఉంది. ఈ గదికి కిటికీ లేదు.

చిన్నోడు స్కూటరు గడ్డిమీదే ఆపేసి వచ్చాడు. ఇంజనీరమ్మాయి పనివాళ్ళను టీకి పంపి, తనూ బయటికి పోయింది. అతను రంగు డబ్బా ఒకటి బోర్లించి దానిమీద కూర్చున్నాడు. వదిన నిలబడే ఉంది.

"హాల్లో సిలిండర్లు ఉండేవా?" అని అడిగింది.

"మొదట్లో రెండో మూడో ఉండేవి వదినా."

"తర్వాత?"

"తర్వాత అవి కూడా లోపలికే తెచ్చేశాం. అందరికీ ఒకచోట ఉంటే చూసుకోవడం తేలికని."

"మీ అన్నయ్యకి ఆక్సిజన్ ఎక్కడ పెట్టారు?"

చిన్నోడు పెరటి గోడ మూల వైపు చెయ్యి చూపించాడు. అక్కడ ఇప్పుడు సిమెంటు బస్తాలు ఉన్నాయి.

"అదే మంచం, అదే కిటికీ, ఊరికే ముక్కుకి గొట్టం పెట్టారు అని ఆ మర్నాడు అడిగితే చెప్పావు నాకు."

"చెప్పాను."

"మరి మూడో కిటికీలో ఎవరున్నారు?"

అతను స్కూటరు తాళం జేబులోంచి తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ తొందరపెట్టలేదు. తొందరేముంది, తొమ్మిదేళ్ళు అయిపోయాయి.

"పక్క మంచం ఆయన. అన్నయ్యని లోపలికి మార్చాక ఆ మంచం ఖాళీ అయితే ఆయన జరిగాడు. గాలి తగులుతుందని. నేను ఆ సాయంత్రం ఆయనకి మాత్రలివ్వడానికి వెళ్ళాను. నీకు మంచం మార్చిన సంగతి చెబుదామనే అనుకున్నాను వదినా. ఫోనులో సగం చెప్పి, మిగతాది సాయంత్రం గడ్డి దగ్గరికొచ్చి చెబుదామనుకున్నాను. కిటికీలోంచి చూస్తే నువ్వు చేతులెత్తి ఉన్నావు. అన్ని రోజులు చేతులు కట్టుకుని నిలబడిన మనిషివి. ఆయన నా వైపు తిరిగి, అమ్మగారు చెయ్యెత్తారండీ, ఏం చెయ్యమంటారు అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఊపండి అన్నాను."

బయట ఎవరో ఇనుప చువ్వలు దించుతున్నారు.

"ఆ ఒక్కరోజుకే అనుకున్నాను" అన్నాడు చిన్నోడు. "మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు నువ్వు ముందే వచ్చి నిలబడ్డావు. తలదువ్వుకుని వచ్చావు వదినా. అంతకుముందు ఎలా పడితే అలా వచ్చేదానివి. ఎలా చెప్పను? అన్నయ్య లేచి మళ్ళీ కిటికీ దగ్గరికొస్తాడు, అప్పుడిక చెప్పే పనే ఉండదనుకున్నాను. నిజంగా అనుకున్నాను."

"చివరి సాయంత్రం?"

అతను మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

"చిన్నోడా, నిన్నే అడుగుతున్నాను. ఇవాళ పొద్దున పోయాడు అని మర్నాడు చెప్పావు నువ్వు. ముందు రోజు సాయంత్రం కిటికీలో చెయ్యి చూసి వెళ్ళాను నేను. ఆ సాయంత్రానికి మీ అన్నయ్య ఉన్నారా?"

"లేడు."

ఆవిడ గోడకు చేరబడింది. అతను లేవబోతే చెయ్యి చూపించి ఆపేసింది.

"ఆ పొద్దునే పోయాడు వదినా. వాళ్ళు బండి తెచ్చి తీసుకెళ్ళిపోయారు. ఎవర్నీ రానివ్వలేదు, నన్ను కూడా శ్మశానం గేటు దాకానే. నేను తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. నువ్వు అప్పటికే గడ్డిమీదున్నావు. కిటికీలో ఆయన ఊపుతున్నాడు. ఆయనకీ తెలుసు అప్పటికి. ఊపుతూ ఏడుస్తున్నాడు. నేను ఆపలేకపోయాను. నువ్వు మొహం మీది గుడ్డ దించి నవ్వావు ఆ రోజు."

నవ్వింది. ఆవిడకు గుర్తుంది. ఆ నవ్వును ఎన్నిసార్లు తలుచుకుందో లెక్కలేదు. చివరిసారి నన్ను నవ్వు మొహంతో చూసి వెళ్ళారు అని కూతురితో చెప్పుకుంది, తోటి ఉద్యోగులతో చెప్పుకుంది, కిందటి వారం రిజిస్ట్రారుతో కూడా చెప్పి ఆయన నోరు మూయించింది. ఏటా ఆయన పోయిన రోజున ఆ కిటికీ దగ్గర నిలబడుతుంది. ఆ రోజు కూడా తప్పేనని ఇప్పుడు తేలింది.

ఆవిడకు అరవాలనిపించింది. ఎవరిమీద అరవాలో తెలియలేదు. ఎదురుగా కూర్చున్నవాడు నెరిసిన తలతో చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ఇన్నేళ్ళూ ఈ మాట కడుపులో పెట్టుకుని, ప్రతి ఏడూ ఆ తప్పు రోజున వదినతోపాటు వచ్చి, ఆ తప్పు కిటికీ దగ్గర తలవంచుకుని నిలబడ్డాడు. అతన్ని తిట్టడానికి నోరు రాలేదు, దగ్గరికి తీసుకోవడానికి మనసు రాలేదు.

"ఒక్కటే చెప్పు" అంది. "నేను చెయ్యెత్తిన సంగతి మీ అన్నయ్యకి చెప్పావా?"

"చెప్పాను. ఆ సాయంత్రమే వచ్చి చెవి దగ్గర చెప్పాను. వదిన చెయ్యి ఊపింది అన్నయ్యా అని."

"ఏమన్నారు?"

చిన్నోడు తల అడ్డంగా ఊపాడు. "మాట్లాడే స్థితిలో లేడు వదినా. అప్పటికి కళ్ళు మూసే ఉన్నాడు. విన్నాడనే అనుకున్నాను నేను. చెయ్యి పట్టుకుంటే వేలు కదిలినట్టనిపించింది. అబద్ధం చెప్పను, నాకే అలా అనిపించిందేమో."

అదీ సంగతి. ఆయన చూస్తుండగా ఆవిడ ఒక్కసారి కూడా చెయ్యి ఎత్తలేదు. ఎత్తిన ప్రతిసారీ చూసింది వేరేవాడు. ఆయన కళ్ళకు చివరిగా కనపడింది గడ్డిమీద చేతులు కట్టుకుని బిగుసుకుపోయి నిలబడ్డ ఆడమనిషి. ఈ మాట ఆవిడ తనలో తాను స్పష్టంగా, పూర్తిగా అనుకుంది. సగంలో ఆపలేదు. అనుకున్నాక సిమెంటు బస్తాల దాకా వెళ్ళి వాటిమీద కూర్చుంది. అది ఆయన మంచం ఉన్న చోటని కూర్చున్నాక గుర్తొచ్చింది. లేవలేదు.

చిన్నోడు ముక్కు తుడుచుకుని, "ఇంకొకటుంది వదినా" అన్నాడు. "చెప్పేస్తే పోతుంది. ఇది కూడా దాస్తే నేను మనిషిని కాను. కిటికీ మంచం ఆయన బతికాడు."

ఆవిడ తలెత్తింది.

"ఇక్కడే ఉంటాడు. పట్టాలిచ్చే రోజున మీరంతా వేసుకునే నల్ల గౌన్లు కుట్టే టైలరు. నీ గౌను కూడా ఆయనే కుట్టి ఉంటాడు. లోపలికి మార్చే ముందు అన్నయ్య ఆయనతో ఏదో చెప్పాడట. నీకు చెప్పమని. వార్డునుంచి బయటపడ్డ దగ్గర్నుంచి షాపుకొస్తున్నాడు, అమ్మగారి దగ్గరికి తీసుకెళ్ళండి అని. నేనే వద్దన్నాను. ఆయన్ని చూస్తే నీకు కిటికీ సంగతి తెలిసిపోతుందని భయం. మొదట్లో ప్రతి వారం వచ్చేవాడు. ఇప్పుడు ఏడాదికోసారి వస్తాడు, ఏమీ అడగడు, తలనొప్పి మాత్ర కొనుక్కుని పోతాడు."

"ఏం చెప్పారు ఆయనతో?"

"నాకు చెప్పలేదు. అమ్మగారికే చెప్తాను అంటాడు."

"నంబరుందా?"

"వదినా, ఇవాళ వద్దు. నువ్వు ఇప్పటికే..."

"నంబరు కలిపి ఇటివ్వు."

అతను కలిపాడు. తొందరలో స్పీకరు కూడా నొక్కేశాడు. ఫోను మోగుతోంది. మేడమ్ తనెవరినని చెప్పుకోవాలో ఆలోచించుకోలేదు. అటునుంచి ఒక ముసలి గొంతు హలో అన్నాక కానీ ఆ సంగతి తట్టలేదు. ఫలానావారి భార్యను అంటే సరిపోయేది. నోటికి వచ్చింది మాత్రం వేరే.

"నేనండీ. వార్డు ముందు సాయంత్రాలు నిలబడేదాన్ని. మూడో కిటికీకి ఎదురుగా."

అటువైపు కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది.

"అమ్మా" అన్నాడు ఆయన. "ముందు నన్ను క్షమించాలి మీరు."

"అది తర్వాత. మా ఆయన మీతో ఏమన్నారో చెప్పండి."

"మీ మరిదిగారు అంతా చెప్పేశారా? లోపలికి ఎందుకు మార్చారో కూడా?"

"ఆక్సిజన్ కోసం."

ఆయన ఒక్కొక్క మాటా చూసుకుని అన్నాడు.

"అది మర్నాడు పొద్దున పెట్టారమ్మా. మీ మరిదిగారు పొద్దున డ్యూటీకి వచ్చేసరికి ఆయన లోపలే ఉన్నారు కాబట్టి దానికోసమే మార్చారనుకుని ఉంటారు. ముందు రోజు సాయంత్రమే మార్చారు. మీరు వెళ్ళిపోయిన కాసేపటికి. అప్పటికి ఆయనకి ఊపిరి బాగానే ఆడుతోంది, నాతో మాట్లాడుతూనే ఉన్నారు. డాక్టరమ్మ వద్దంది. లోపల అసలు గాలి ఆడదండీ, ఇక్కడే ఉండండి అంది. ఆయనే వినలేదు. కిటికీ దగ్గర వద్దు, ఆ చీకటి గదిలో వెయ్యండి అని చేతులు పట్టుకుని బతిమాలుకున్నారు."

చిన్నోడు డబ్బామీదనుంచి లేచి నిలబడ్డాడు. ఈ ముక్క అతనికీ కొత్తేనని అతని మొహమే చెబుతోంది.

"ఎందుకండీ అని నేనడిగాను" అంటున్నాడు టైలరు. "చెప్పారు. మీకు చెప్పమనే చెప్పారు. ఇన్నేళ్ళూ ఆ మాట మర్చిపోకుండా దాచి ఉంచాను. చెప్పమంటారా అమ్మా?"

ఇంక మీ మొహం నాకు చూపించకండి అని ఆయనతో తనన్న మాట ఆవిడకు గుర్తొచ్చింది. చిన్నోడు చెయ్యి చాపి ఫోను తీసుకోబోయాడు. ఆవిడ ఇవ్వలేదు.